ఐదు మార్కులు వేసిందెవరు?

"ముప్పావుని అరపావుతో భాగించండి," అన్నారు విచారణాధికారి నిరంజనరావు గారు.

పాల పిచ్చమ్మ నల్లబల్ల ముందు నిలబడి, సుద్దముక్కని తమలపాకు కాడలా వేళ్ల మధ్య తిప్పుతోంది.

"నాకు రాదు సారూ."

"వచ్చో రాదో తేల్చడానికే ఈ విచారణ. అజ్ఞానాన్ని కూడా ఆధారాలతో నిరూపించాలి. రాయండి."

గడియారం రెండున్నర చూపిస్తోంది. గేటుకి లోపలివైపు తాళం పడింది. వరండాలో యాభై దాటిన ఆడా మగా నూట ముప్ఫై మంది వరసలో కూర్చున్నారు. తమకి భిన్నాలు రావని ఒక్కొక్కరూ ప్రభుత్వం ముందు రుజువు చేసుకోవాలి. సాయంత్రం ఐదింటికల్లా దోషి దొరక్కపోతే మా లెక్కల టీచరు ఎస్తేరు గారిని తొంభై కిలోమీటర్ల అవతలికి పంపేస్తారు.

నా పేరు అంకబాబు. తాటిమడుగు జిల్లా పరిషత్ హైస్కూల్లో జూనియర్ అసిస్టెంటుని. విచారణలో ప్రతి మాటా రాసుకోమన్నారు కాబట్టి జరిగింది జరిగినట్టు చెప్పగలను.

నేరం ఇది: మా ఊళ్లో ఎవరో ఎస్తేరు టీచరు బాగా చెబుతారని రాశారు.

*

మూడేళ్ల కిందట 'అభిప్రాయాధారిత ప్రతిభా పంపిణీ పథకం' వచ్చింది. ఏడాదికొక రోజు ఒక సబ్జెక్టు టీచరు మీద విద్యార్థులూ తల్లిదండ్రులూ పేరు రాయకుండా ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు వెయ్యాలి. సగటు మూడు దాటితే ఆ బడిలో ప్రతిభ మిగులు ఉన్నట్టు. మిగులుని లోటున్న బడికి తరలిస్తారు. మూడుకి తగ్గితే ఆ టీచరుకి లోపం ఉన్నట్టు. లోపాన్ని శిక్షణకి పంపిస్తారు. సరిగ్గా మూడొస్తే 'సామాన్యం'. సామాన్యుల జోలికి ఎవరూ రారు.

మొదటి ఏడు తెలుగు మాస్టారి వంతు. ఊరంతా సంబరంగా ఐదేసి వేసింది. పదిహేను రోజుల్లో ఆయన్ని తీసుకుపోయారు. అప్పటినుంచి డ్రిల్లు మాస్టారు తెలుగు చెబుతున్నారు. విజిల్ ఊదితే పిల్లలు పద్యంలో ఒక పాదం చదివి ఆగుతారు.

రెండో ఏడు సైన్సు మాస్టారి వంతు. ఈసారి ఊరు తెలివి మీరింది. ఆయన్ని కాపాడుకోవడానికి తలా ఒక మార్కు వేసింది. ఆయన్ని శిక్షణకి తీసుకుపోయారు. ఇంతవరకూ రాలేదు. అక్కడ మిగతావాళ్లకి ఆయనే శిక్షణ ఇస్తున్నారని వినికిడి.

మూడో ఏడు ఎస్తేరు టీచరు వంతు. అభిప్రాయ దినానికి వారం ముందు ఊరి పెద్దలు పాలకేంద్రం దగ్గర కూడి ఒప్పందం చేసుకున్నారు. చిన్నా పెద్దా అందరూ మూడు వెయ్యాలి. పక్క గడిలో 'పరవాలేదు' అని రాయాలి. అంతకు మించి ఒక్క అక్షరం రాయకూడదు.

"మూడంటే మూడేనా? ఆ పిల్ల వచ్చినాక మా శివలీలకి లెక్కల జొరం పోయింది. దానికి మూడు వెయ్యటానికి చెయ్యెట్టా వస్తది?" అని ఆ రోజు అడిగింది పిచ్చమ్మే. శివలీల ఆవిడ మనవరాలు. మార్చిలో పదో తరగతి పరీక్ష రాయాలి.

"మీ ఆయనకి ఎన్ని వేస్తావు పిన్నీ?" అన్నాడు ఎవడో వెనకనుంచి.

"రెండు."

"మరింకేం. టీచరమ్మకి ఒకటి ఎక్కువేగా."

ఒప్పందం పక్కాగా అమలైంది. ఎనిమిదో తరగతి పిల్లాడొకడు అలవాటు చొప్పున 'చాలా బాగా' అని మొదలుపెడితే పక్కవాడు బ్లేడుతో గీకి 'పరవాలేదు' చేయించాడు.

పత్రాలు పంచింది నేనే. పాఠశాల ఆవరణలో నలభై ఐదు నిమిషాలకి మించి ఉన్న ప్రతి వ్యక్తికీ ఒకటి ఇవ్వాలని నిబంధన. పిల్లలకీ తల్లిదండ్రులకీ కాక వంటమ్మలకీ, పోస్టుమ్యానుకీ, నీళ్ల ట్యాంకు బాగుచేయడానికొచ్చిన మెకానిక్కుకీ, ఇంకా ఎవరు కూర్చుని కనిపిస్తే వాళ్లకీ ఇచ్చాను. అన్నీ ఒకే పెట్టెలో పడ్డాయి. పరిశీలకుడిగా జిల్లా నుంచి నిరంజనరావు గారే వచ్చారు. సెప్టెంబరు ఉక్కపోత. మా బడిలో తిరిగే ఫ్యాను ఒక్కటే, తొమ్మిదో తరగతి గదిలో. ఆయన రెండు పీరియడ్లు ఆ గదిలో వెనక బెంచీ మీద విశ్రాంతి తీసుకుని, పరిశీలన తృప్తికరంగా జరిగిందని రాసి వెళ్లారు.

నెలన్నరకి ఫలితం వచ్చింది. పత్రాలు నాలుగు వందల పన్నెండు. నాలుగు వందల పదకొండింటిలో మూడు మార్కులు. ఒక్కదానిలో ఐదు.

సగటు 3.0049.

ప్రతిభ మిగులు.

*

పై నుంచి వచ్చిన తాఖీదుని హెడ్మాస్టరు సోమయాచారి గారు మైకులో చదివారు. "సదరు ఐదు మార్కుల అభిప్రాయకర్తను ఏడు దినములలోగా గుర్తించి, వారి పేరును ప్రజల సమక్షమున ధ్వనివర్ధకము ద్వారా ముమ్మారు ప్రకటించి, అభిప్రాయమును ధ్రువీకరించుకొనవలెను. సదరు వ్యక్తి కోరినచో ఉపసంహరించుకొనవచ్చును. ఎవరూ ముందుకు రానిచో అది యావత్ గ్రామ ప్రజల అభిప్రాయముగా పరిగణించబడును."

అంటే దొంగ దొరికితే బతిమాలి వెనక్కి తీసుకోమనొచ్చు. దొరక్కపోతే టీచరు పోయినట్టే.

తాఖీదుతోపాటు ఆ పత్రం జిరాక్సు కూడా వచ్చింది. అందులో ఇలా ఉంది:

'నలభై రెండేళ్లుగా నాకెవరూ చెప్పని సంగతి ఈ రోజు తెలిసింది. భిన్నాన్ని భిన్నంతో భాగించేటప్పుడు రెండోదాన్ని ఎందుకు తిరగేసి గుణిస్తారో. నా చిన్నప్పుడు ఈ టీచరు ఉండి ఉంటే బాగుండేది. ఐదు.'

ఈ నాలుగు ముక్కలూ ఊరిని అల్లకల్లోలం చేశాయి. నలభై రెండేళ్లంటే దోషికి యాభై దాటి ఉండాలి. రిటైరైన పోస్టుమాస్టరు పున్నయ్య గారికి లెక్కలంటే ప్రాణం కాబట్టి మొదటి అనుమానం ఆయన మీద పడింది. మూడు రోజులు టీ కొట్టులో ఆయనకి ఎవరూ పేపరు అందివ్వలేదు. నాలుగో రోజు ఆయన తన పాత ఎక్కాల పుస్తకాన్ని అందరూ చూస్తుండగా కట్టెల పొయ్యిలో పెట్టారు.

చేతిరాత పట్టి చూద్దామంటే అదీ కుదరలేదు. ఊరి పెద్దల్లో సగంమంది పత్రాల్ని వాళ్ల మనవలే రాశారు.

ఏడో రోజు పొద్దున విచారణాధికారిగా నిరంజనరావు గారు దిగారు. నిలువెత్తు మనిషి, నుదుటిమీద ఆరని చెమట. జేబులో రెండు పెన్నులు.

"ఇది సాంకేతిక విచారణ," అన్నారు ఫ్యాను ఉన్న గదిని ఎంచుకుంటూ. "నేరం చేసినవాడికి భిన్నాల భాగహారం అర్థమై ఉంటుంది. అర్థమైనవాడు ఎవడో తేలితే నేరస్తుడు తేలతాడు. అర్థం కానివారికి అజ్ఞాన ధ్రువపత్రం జారీ చేయబడును. అంకబాబూ, నూట ముప్ఫై కాపీలు టైపు చేయించండి."

చేయించాను.

పక్క గదిలో ఎస్తేరు టీచరు పదో తరగతికి పాఠం చెబుతున్నారు. విచారణ తన గురించి కాబట్టి ఆవిడ ఇక్కడికి రాకూడదు. బడి మొత్తమ్మీద ఆ పూట పాఠం జరుగుతున్నది ఆ ఒక్క గదిలోనే. గోడ అవతలనుంచి ఆవిడ గొంతు వినిపిస్తూనే ఉంది.

"ముందు ఒకటి సంగతి తేల్చు."

"ఒకటికి ఎనిమిది," అన్నారు పిల్లలంతా.

ఆవిడ పద్ధతి అదే. రాగిజావ గిన్నె తెచ్చి బల్లమీద పెట్టి గ్లాసులతో కొలిచి చెబుతారు. పిల్లలు గోళీలాడుతూ కూడా ఆ ముక్కే అనుకుంటుంటారు.

*

పిచ్చమ్మ ఇంకా నల్లబల్ల ముందే ఉంది.

నిరంజనరావు గారు పద్ధతి మార్చారు. "పోనీ పాల లెక్కలో చెప్పమ్మా. ముప్పావు లీటరు పాలున్నాయి. అరపావు గ్లాసుతో పోస్తే ఎన్ని గ్లాసులొస్తాయి?"

ముప్ఫై ఏళ్లుగా రోజూ పొద్దున్నే పాలు కొలిచే మనిషిని అడగాల్సిన ప్రశ్న కాదది. ఆరు అందంటే అయిపోయింది.

పిచ్చమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"ఏడు."

"ఏడా?"

"నురగతో కలిపి."

వరండాలో ఎవరో కిసుక్కున నవ్వారు. నిరంజనరావు గారు నాలుగైదుసార్లు కళ్లు ఆర్పి, "తప్పు. అజ్ఞానం నిర్ధారణ అయినది. తరువాతి వారు," అన్నారు. పిచ్చమ్మ ధ్రువపత్రాన్ని మడిచి బొడ్డున దోపుకుంది.

తరువాతి వారు పున్నయ్య గారు.

మూడు బై నాలుగు, భాగహారం గుర్తు, ఒకటి బై ఎనిమిది అని బల్లమీద ముత్యాల్లాంటి అంకెలు వేశారు. అక్కడ ఆగారు. కణతలు పొంగాయి. జవాబు ఆయన వేళ్ల చివరిదాకా వచ్చి నిలబడిందని అందరికీ తెలుస్తోంది. పక్క గదిలోంచి ఎస్తేరు టీచరు గొంతు వినిపించింది, శివలీలని ఏదో అడుగుతూ. పున్నయ్య గారు కళ్లు మూసుకుని, దేన్నీ తిరగెయ్యకుండానే గుణించి, 'మూడు బై ముప్ఫైరెండు' అని రాశారు.

వెనుదిరిగినప్పుడు ఆయన కళ్లు చెమ్మగిల్లి ఉన్నాయి.

"ఘోరమైన తప్పు," అన్నారు నిరంజనరావు గారు మెచ్చుకోలుగా. "ధ్రువపత్రం."

ఆ తర్వాత వరస చకచకా కదిలింది. ఒకరు ముప్పావులోంచి అరపావు తీసేశారు. ఒకరు రెండూ కలిపారు. మా ఊరి ఆర్‌ఎంపీ డాక్టరు, అర బిళ్ల చాలినచోట ఎప్పుడూ ఒకటిన్నర ఇచ్చే మనిషి, "నా లైసెన్సు లాగానే నాకు భిన్నాలు కూడా లేవండీ," అని ఒప్పేసుకున్నాడు. నాలుగున్నరకి నూట ముప్ఫై ధ్రువపత్రాలూ అయిపోయాయి. తాటిమడుగులో యాభై దాటిన ఏ ఒక్కరికీ భాగహారం రాదని ప్రభుత్వ రికార్డులకెక్కింది.

దోషి మాత్రం దొరకలేదు.

*

"ఇక మార్గం లేదు," అన్నారు నిరంజనరావు గారు చెమట తుడుచుకుంటూ. ఎందుకో ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖంలో అలసటకంటే దిగులు ఎక్కువ కనిపించింది. "అభిప్రాయం యావత్ గ్రామానిదిగా పరిగణించబడును. టీచరు గారి తరలింపు ఉత్తర్వు..."

"సార్," అన్నాను, "నిబంధన పదహారు ప్రకారం విచారణ ముగించే ముందు అసలు పత్రం సీలు తీసి చూడాలి. ఇప్పటిదాకా మనం చూసింది జిరాక్సే."

"అవసరమంటారా?"

"తప్పనిసరి అని ఉంది సార్."

సీలు కవరు ఆయన బ్యాగులోనే ఉంది. తియ్యడానికి చాలాసేపు పట్టింది. కవరు చించి కాగితం బల్లమీద పరిచాను. హెడ్మాస్టరు గారు వంగి చూశారు. పిచ్చమ్మ, పున్నయ్య గారు కిటికీలోంచి మెడలు సాచారు.

ఆకుపచ్చ సిరా.

మా ఊళ్లో ఆకుపచ్చ పెన్నుతో రాసేవాళ్లు ఎంతమందో అందరికీ తెలుసు. కులధ్రువీకరణలమీద సంతకాల కోసం ఆ పెన్ను చుట్టూ తిరగనివాడు లేడు. గెజిటెడ్ హోదా ఉన్నవాళ్లే వాడతారు దాన్ని. తాటిమడుగు మొత్తానికి గెజిటెడ్ అధికారి ఒక్కరే.

అందరూ హెడ్మాస్టరు గారి వైపు తిరిగారు.

"నేను కాదు," అన్నారు సోమయాచారి గారు. "నేను సోషల్ మాస్టర్నయ్యా. నాకు భిన్నాలు ఎక్కడివి?"

"అయ్యోరూ," అంది పిచ్చమ్మ కిటికీలోంచి, "తప్పు చేసినోళ్లని మేమేమీ అనంగానీ, ఎనక్కి తీసుకోండి. మీ కాళ్లు పట్టుకుంటా."

"నేను రాస్తేగా తీసుకునేది."

"అయితే బల్ల దగ్గరికి రండి," అన్నారు పున్నయ్య గారు. పొద్దుటినుంచి పడ్డ బాధంతా ఆయన గొంతులో ఉంది. "మేమందరం నిరూపించుకున్నాం. మీరూ నిరూపించుకోండి."

గడియారంలో నాలుగూ నలభై రెండు.

సోమయాచారి గారు సుద్దముక్క తీసుకున్నారు. ముప్పావుని రాశారు. అరపావుని రాశారు. రెండింటినీ చాలాసేపు చూశారు. ముప్పావుని తిరగేశారు. చెరిపి అరపావుని తిరగేశారు. చెరిపి రెండింటినీ తిరగేశారు. ఆయన నటించడం లేదని, ఇంత సహజంగా ఎవరూ నటించలేరని చూస్తున్న వాళ్లందరికీ అర్థమైంది.

"ఏదో ఒకటి తిరగెయ్యాలి," అన్నారాయన చివరికి. "ఏదో గుర్తులేదు. ఎందుకో అసలే తెలీదు. మా మాస్టారు తిరగెయ్యమన్నారు, తిరగేశాం. అడిగితే కొట్టేవాడు."

అప్పుడు నిరంజనరావు గారి ఓర్పు తెగింది.

"ఎందుకో తెలియకపోవడమేమిటండీ. ఇంత తేలికైన సంగతి." ఆయన లేచి వెళ్లి హెడ్మాస్టరు చేతిలోంచి సుద్దముక్క లాక్కున్నారు. "ఇలా చూడండి. ముప్పావు సంగతి తర్వాత. ముందు ఒకటి సంగతి తేల్చు."

కిటికీల దగ్గర కిక్కిరిసిన తొమ్మిదో తరగతి పిల్లలు ఆ మాట వినగానే అలవాటుగా, ముక్తకంఠంతో అందుకున్నారు.

"ఒకటికి ఎనిమిది."

"ఆ. లీటరు జావకి అరపావు గ్లాసులు ఎనిమిది. అందుకే ఎనిమిదితో గుణించడం. మరి మనకున్నది లీటరు కాదుగా, ముప్పావేగా. కాబట్టి ఎనిమిదిలో ముప్పావు..."

"ఆరు."

"ఆరు," అన్నారు నిరంజనరావు గారు, ముఖమంతా వెలిగిపోతూ. "తిరగెయ్యడమంటే మరేం కాదు, ఒకటికి ఎన్నో ముందు తెలుసుకోవడం. ఎంత అందంగా ఉందో చూశారా?"

పక్క గదిలో పాఠం ఆగిపోయింది.

ఆయన చేయి నల్లబల్ల మీద అలాగే ఉండిపోయింది. నెమ్మదిగా తిరిగి చూశారు. ముందు పిల్లల్ని, తర్వాత వెనక బెంచీని, ఆఖర్న తన జేబులో ఉన్న రెండు పెన్నుల్ని. వాటిలో ఒకదాని మూత ఆకుపచ్చ.

"జావ అన్నారు సార్," అన్నాను నేను, రాసుకుంటూ. "మీరు ఇందాకటినుంచి పాలు అనే అడిగారు."

నిరంజనరావు గారు తొమ్మిదో తరగతి వెనక బెంచీ మీదికి వెళ్లి కూర్చున్నారు. ఆ బెంచీకి ఆయన కొత్త కాదని కూర్చున్న తీరులోనే తెలిసిపోయింది.

"పేరు రాయనక్కర్లేదన్నారు కదా అని రాశాను," అన్నారు. "అంకబాబు పత్రం చేతిలో పెట్టాడు. పెన్ను మార్చుకోవడం కూడా మరిచిపోయాను."

"ఐదు వేస్తే టీచరమ్మని పంపేత్తారని తెలవదా సారూ?" అంది పిచ్చమ్మ.

"తెలుసమ్మా. ఆ నిబంధన తయారుచేసిన కమిటీలో నేనూ ఉన్నాను. కానీ ఆ నిమిషంలో గుర్తురాలేదు. ఆరు అని పిల్లలతోపాటు నేనూ అన్నాను. అంతే."

"మరి విచారణకి ఎందుకొచ్చారు?"

"నన్నే వేశారు. రానంటే అనుమానపడతారు."

గడియారంలో నాలుగూ యాభై. హెడ్మాస్టరు గారు ఉపసంహరణ పత్రం ముందుకు తోశారు. నిరంజనరావు గారు దాన్ని చూసి తల అడ్డంగా ఊపారు.

"అది మాత్రం చెయ్యలేను. రాసింది నిజం."

పిచ్చమ్మ కిటికీ వదిలి గదిలోకి వచ్చేసింది. గుమ్మం దగ్గరికి ఎప్పుడొచ్చారో, ఎస్తేరు టీచరు చేతిలో జావ గిన్నెతో నిలబడి ఉన్నారు. ఆవిడ వెనక శివలీల.

"పోనీలెండి సార్," అన్నారు టీచరు. "మీరు వెనక్కి తీసుకోవద్దు. ఇన్నేళ్లలో నాకొచ్చిన ఐదు అదొక్కటే."

అప్పటికి నేను నిబంధనల పుస్తకం తెరిచే ఉన్నాను. జూనియర్ అసిస్టెంటుకి ఈ లోకంలో ఉన్న ఆనందం అదొక్కటే.

"వెనక్కి తీసుకోనక్కర్లేదు సార్. నిబంధన పంతొమ్మిది. 'శాఖాధికారుల అభిప్రాయమును అభిప్రాయముగా కాక నివేదికగా పరిగణించవలెను. నివేదికలను లెక్కలోకి తీసుకొననవసరము లేదు.'"

గది ఒక్క క్షణం లెక్క వేసుకుంది. నాలుగు వందల పన్నెండులోంచి ఒకటి పోయింది. మిగిలినవన్నీ మూళ్లే.

"సామాన్యం," అన్నారు పున్నయ్య గారు అందరికంటే ముందు, నల్లబల్ల మీద రాసిమరీ. ఇక దాచాల్సిన పని లేదు కదా. "సరిగ్గా మూడు. చుక్క తేడా లేదు."

"మీరు సామాన్యురాలు టీచర్," అన్నారు హెడ్మాస్టరు గారు. ఆ మాట అంత గౌరవంగా అనడం నేనెక్కడా వినలేదు.

శివలీల టీచరు చేతిలోంచి గిన్నె అందుకుంది. పిచ్చమ్మ గ్లాసులు కడిగి జావ పోసింది. మొదటిది విచారణాధికారికే ఇచ్చింది.

"తాగు సారూ. నురగ లేకుండా పోశా."

నిరంజనరావు గారు తాగి మూతి తుడుచుకున్నారు. చెవిలో చెబుతున్నట్టు నన్ను అడిగారు:

"అయితే పేరు చదవాల్సిందేనా?"

"దోషి పేరు రికార్డయితేనే పత్రం రద్దవుతుంది సార్. మైకులో. మూడుసార్లు."

"కాస్త సౌండు తగ్గించి చదవకూడదూ?"

"సౌండు సంగతి నిబంధనల్లో లేదు సార్."

"అవును," అన్నారాయన నిట్టూర్చి. "దాని గురించి కమిటీలో చర్చ జరగలేదు."

మైకు వరండాలోకి తెచ్చారు. నూట ముప్ఫై మంది ధ్రువీకరించబడిన అజ్ఞానులూ, రెండు వందలమందికి పైగా పిల్లలూ ఆవరణలో నిలబడ్డారు. నాలుగూ యాభై ఎనిమిది. మైకు ఒకసారి కీచుమని ఆగింది. నేను గొంతు సవరించుకున్నాను.

"మా లెక్కల టీచరు శ్రీమతి ఎస్తేరు గారికి ఐదు మార్కులు వేసిన వ్యక్తి పేరు," అని చదివాను, ఊరవతల పొలాల్లో ఉన్నవాళ్లకి కూడా వినపడేట్టు, "శ్రీ బొగ్గవరపు నిరంజనరావు గారు, అభిప్రాయ విచారణాధికారి."